ఢిల్లీ పద్ధతా, వాషింగ్టన్ పద్ధతా?

నల్గొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతుంటే, డాలస్ నుంచి వచ్చిన మా బావ అడిగాడు: "ఎంపీనే మంత్రి ఎట్లయితడు? అడిగేటోడు, జవాబు చెప్పేటోడు ఒక్క గుంపేనా?"

నిజమే. అమెరికాలో కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడు మంత్రి కావాలంటే సీటు వదులుకోవాలి. మన దగ్గర మంత్రికి ఎంపీ సీటు లేకపోతే ఆరు నెలల్లో సంపాదించుకోవాలి.

కానీ ఇక్కడ లోక్‌సభ నమ్మకం పోతే సర్కారు దిగాల్సిందే. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అక్కడ అభిశంసన (కాంగ్రెస్ విచారించి దించేయడం) తప్ప అధ్యక్షుడికి నాలుగేళ్లు ఢోకా లేదు. ఖజానా తాళం మాత్రం కాంగ్రెస్‌ది. 2018-19లో మెక్సికో సరిహద్దు గోడ ఖర్చు దగ్గర అధ్యక్షుడు, కాంగ్రెస్ పంతాలకు పోయి చాలా సర్కారు ఆఫీసులు 35 రోజులు మూతపడ్డాయి. ఉద్యోగులకు జీతాల టెన్షన్!

సుప్రీంకోర్టు జడ్జీలు అక్కడ జీవితాంతం, ఇక్కడ 65 ఏళ్ల దాకా.

నా ఓటు మనదానికే. ఒక్కటే గులుగుడు: 1985 ఫిరాయింపుల చట్టంతో, విప్ (పార్టీ ఆదేశం) దాటి ఓటేస్తే ఎంపీ సీటుకే ఎసరు. "మరి అడిగేదెవరు?" అన్నాడు బావ. ఇంకో చాయ్ చెప్పాను.