టెర్రస్ మీద ప్రొజెక్టర్ అద్దె: మూకీ సినిమాలకైతే ఓకే

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పిల్లలకి సినిమా వేద్దామని ప్రొజెక్టర్, తెర, స్పీకర్లు అన్నీ కలిపి అద్దెకి తెచ్చాం, ఎవరి దగ్గరో చెప్పను గానీ ఒక సాయంత్రానికి 2500 తీసుకున్నారు, ఆపరేటర్ కుర్రాడు కూడా వస్తాడు. బొమ్మ మాత్రం బాగుంది, అదీ పూర్తిగా చీకటి పడ్డాకే సుమా. స్పీకర్లే శుద్ధ దండగ, ఒకటే గుర్రుమని సౌండు, కుర్రాడు వైర్లు పీకి మళ్ళీ పెట్టి, మళ్ళీ పీకి, చివరికి చేతులెత్తేశాడు.

మా అదృష్టం ఏటంటే మేం వేసింది హాలీవుడ్ మూకీ కమెడియన్ బస్టర్ కీటన్ సినిమాలు. మా బిల్డింగులో నేవీ ఫ్యామిలీలు చాలా ఉన్నాయి, ఒకరికి హిందీ కావాలి ఒకరికి మలయాళం కావాలి, మాటల్లేని సినిమా అయితే ఆ పేచీ ఉండదని ముందే అనుకున్నాం, అదే కాపాడింది.

కుర్రాడు వైర్లతో కుస్తీ పడుతున్నంతసేపూ నేను కీటన్ కథ చెప్పా. 1895లో అమెరికాలో కాన్సస్‌లో పుట్టాడు, అమ్మానాన్నా ఊరూరా తిరిగి స్టేజీ షోలు ఆడేవాళ్ళు, మన సురభి పిల్లల్లాగే ఈయనా నడక రాగానే స్టేజీ ఎక్కేశాడు. కాపోతే వీళ్ళ ఐటెం ఏంటంటే మాట వినని పిల్లాడ్ని నాన్న ఎత్తి సెట్టింగుల మీదకి విసిరేయడం, ఒక్కోసారి కింద ఆర్కెస్ట్రా వాళ్ళ మధ్యకి! పట్టు దొరకడానికి కోటుకి వెనకాల సూట్‌కేసు పిడి కుట్టేశారు. ఇది వినగానే మూడో ఫ్లోర్ మామ్మగారు "ఓలమ్మా, కన్నబిడ్డనే?" అని నోరు నొక్కుకున్నారు. తను నవ్వితే జనం నవ్వు తగ్గిపోతోందని అప్పుడే కనిపెట్టేశాడు, ఆ బిగించిన మొహం అక్కడ మొదలైందే. నాన్న తాగుడు ముదిరి 1917లో ఆ ట్రూపు విడిపోయింది, అదే ఏడాది ఆర్బకుల్ అనే కమెడియన్ పక్కన సినిమాల్లోకి వచ్చాడు.

1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' వేశాం. గాలివానలో ఇంటి ముందు గోడ మొత్తం ఆయన మీద పడిపోతుంది, పైన కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికొస్తుంది, గోడ నిజంగానే బరువైనది, అటూ ఇటూ కొన్ని అంగుళాలే సందు, అడుగు పక్కకి వేసుంటే మనిషి దక్కేవాడు కాదు. సరిగ్గా అప్పుడే బీచ్ గాలికి తెర ఉబ్బి గోడ మా మీదకే వచ్చినట్టయింది, ముందు వరుస పిల్లలు కెవ్వుమన్నారు. పైసా ఎక్కువ లేకుండా త్రీడీ.

ఇంకో సినిమాలో రైల్వే ట్యాంకు నీళ్ళు మీద పడి మెడ ఎముక విరిగితే ఆ సంగతి ఏళ్ళ తర్వాత డాక్టర్ చూస్తే గానీ తెలీలేదు. అలాంటోడు ఎమ్‌జీఎమ్ స్టూడియోతో కాంట్రాక్టు రాసుకున్నాక సొంతంగా తీసే స్వేచ్ఛ పోయి, నాన్నలాగే తాగుడులో పడ్డాడు. ఆ భాగం పిల్లల ముందు చెప్పలేదు లెండి.

రేటింగు 5కి 3. తెర స్టాండ్లు తేలిక, గాలికి ఆగవు, ఇటుకలూ తాళ్ళూ మీరే రెడీ పెట్టుకోండి. వాళ్ళ దగ్గరున్న పాత సినిమాల ప్రింట్లు మసక మసగ్గా ఉన్నాయి, మంచి ప్రింటు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళండి. మాటలూ పాటలూ ఉన్న సినిమా అయితే మాత్రం స్పీకర్ ఇంకెక్కడైనా చూసుకోండి.