చెన్నైలో చదివే తెలుగు పిల్లలు ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరొచ్చా? రెండేళ్లు చేశాక నా రివ్యూ

అడ్మిషన్లు అయిపోయి హాస్టల్లో దిగగానే నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి వచ్చిన జూనియర్లు అడిగేవాటిలో మెస్ సంగతి తర్వాత ఇదే ఎక్కువ: "అక్కా, ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే ఏమొస్తుంది?" సర్టిఫికెట్ వస్తుంది, రెజ్యూమేలో ఒక లైను పెరుగుతుంది. దానికోసమే అయితే చేరొద్దు, శనివారం పొద్దున నిద్ర మానుకోవడానికి అది చాలదు. కానీ కాలేజీ గేటు బయట ఈ ఊళ్లో మనుషులు ఎలా ఉన్నారో చూడాలని, తెలియని వాళ్లతో కలిసి ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చెయ్యడం నేర్చుకోవాలని ఉంటే మాత్రం ఆలోచించకుండా చేరండి. నేను ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

ముందు లెక్కలు. ఎన్‌ఎస్‌ఎస్ అంటే జాతీయ సేవా పథకం, గాంధీగారి శతజయంతి ఏడాది 1969లో సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో సుమారు 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240, మధ్యలో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఒకటి, ఇవన్నీ పూర్తయితేనే సర్టిఫికెట్. మామూలుగా యూనిట్‌కి వంద మంది ఉంటారు, ఒక లెక్చరర్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా ఉంటారు. మొదటి ఏడాది గంటల్లో ఇరవై ఓరియెంటేషన్‌కే పోతాయి. బ్యాడ్జి మీదున్నది కోణార్క్ రథచక్రమని, దాని ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకి గుర్తని, అంటే ఇరవై నాలుగు గంటలూ సేవకి సిద్ధంగా ఉండాలని అక్కడే చెప్తారు. స్టేజీ మీద ప్రసంగాలు కాస్త సాగుతాయి. రెండో ఏడాది వాళ్లు విడిగా కూర్చోబెట్టి చెప్పే గంట మాత్రం వదులుకోకండి. అడక్కుండా ఎవరి ఫొటో తియ్యొద్దు, మన చేతిలో లేనిదాన్ని చేయిస్తామని మాట ఇవ్వొద్దు, పిల్లలకి వచ్చే వారం వస్తామని చెప్తే వచ్చి తీరాలి. రెండేళ్లూ పనికొచ్చినవి ఈ మూడే.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లు ఎక్కువ నేర్చుకునే పని ఏదంటే నేను స్క్రైబ్ పనే అంటాను. చూపు లేని విద్యార్థులకి పరీక్ష హాల్లో పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది పేపర్ మీద రాయడం. బయటి నుంచి చూస్తే చేతిరాత బాగుంటే చాలనిపిస్తుంది, కాదు. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి, మన సొంత మాటల్లో చెప్పకూడదు, మల్టిపుల్ చాయిస్ అయితే నాలుగు ఆప్షన్లూ ఒకే గొంతుతో చదవాలి, ఎందుకంటే సరైన జవాబు దగ్గర మన గొంతు మారితే అది వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, అది సాయం కాదు, వాళ్లు చదువుకుని సంపాదించే మార్కుని పాడుచెయ్యడం. వాళ్లు తప్పు చెప్తున్నారని మనకి తెలిసినా తప్పే రాయాలి. ఆగమంటే ఆగాలి, ముందు పేజీలో రాసింది మళ్లీ చదవమంటే విసుక్కోకుండా చదవాలి. నోరు అదుపులో పెట్టుకుని ఇంకొకరి ఆలోచనకి చెయ్యి మాత్రమే అవ్వడం ఎంత కష్టమో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

రూల్స్ కూడా ముందే తెలుసుకుని వెళ్లండి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంట పరీక్షకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉండేది, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. విద్యార్థి తన స్క్రైబ్‌ని తానే తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని కూడా వాటిలో ఉండేది. 2025లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, కాబట్టి ఇప్పుడు రూలేంటో, డిగ్రీ పేపర్లకి మనల్ని పిలుస్తారో లేదో ముందే కనుక్కోండి. వీలైతే పరీక్షకి ముందు రోజు ఒకసారి కలిసి మాట్లాడుకోండి, వాళ్లు ఎంత వేగంగా చెప్తారో మీకు, మీరు ఎంత వేగంగా రాస్తారో వాళ్లకి తెలుస్తుంది, హాల్లో టెన్షన్ సగం తగ్గుతుంది. మన తెలుగువాళ్లకి తమిళ మీడియం పేపర్లు రాయడం కుదరదు, ఇంగ్లిష్ పేపర్లకి మాత్రం ఎప్పుడూ మనుషులు కావాలి. సెమిస్టర్ పరీక్షల సీజన్‌లో చివరి నిమిషంలో రాలేనని ఫోన్ చేసే వాలంటీర్ల వల్ల ఆ విద్యార్థులు పడే బాధ నేను దగ్గరుండి చూశాను. వస్తానంటే రండి, రాలేకపోతే మొదటే చెప్పండి.

బ్లడ్ క్యాంపుల్లో నేర్చుకునేది ఇంకో రకం. రక్తం ఇవ్వాలంటే 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఫస్టియర్లో సగం మందికి వయసే చాలదు, కాబట్టి కొత్తవాళ్లకి రిజిస్ట్రేషన్ బల్ల, జ్యూస్, కళ్లు తిరిగినవాళ్ల పక్కన కూర్చోవడం, ఇవే పనులు. తీసిపారెయ్యకండి. హిమోగ్లోబిన్ చాలక వెనక్కి వచ్చే అమ్మాయిలు మా హాస్టల్లోనే ఎంతమందో అక్కడ చూశాకే మెస్‌లో ఆకుకూర పెట్టించాలని వార్డెన్ దగ్గరికి వెళ్లాం, పెట్టించాం కూడా. ఇవ్వడానికి భయపడేవాళ్లని బలవంతపెట్టకుండా మాట్లాడటం కూడా అక్కడే వస్తుంది. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు.

బీచ్ క్లీనింగ్ గురించి ఎక్కువ చెప్పను. బెసంట్ నగర్‌లో పొద్దున్నే వెళ్తే బాగానే ఉంటుంది, కానీ ఫొటోల కోసం వచ్చేవాళ్లు ఎక్కువ. తడి ఇసుకలో కూరుకుపోయిన వల ముక్కలు లాగడానికి గట్టి గ్లవ్స్ మీరే తీసుకెళ్లండి.

ఏడు రోజుల క్యాంపు మాత్రం వేరే లోకం. మాకు తిరువళ్లూరు జిల్లాలో పళ్లిపట్టు వైపు ఒక ఊరు పడింది. ఈ ప్రాంతం 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు ఊళ్లని పంచిన పటాస్కర్ ఫార్ములా ప్రకారం తిరుత్తణితో పాటు మద్రాసు రాష్ట్రంలో కలిసింది, ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలుగే. తమిళం రాని మేము ఒక్కసారిగా యూనిట్‌లో అందరికీ కావలసినవాళ్లమయ్యాం. మొదటి రెండు రోజులు ఇంటింటికీ తిరిగి సర్వే. కాలేజీలో రాసుకున్న ప్లాన్ ప్రకారం ప్లాస్టిక్ గురించి ర్యాలీ చెయ్యాలి, ఊళ్లో అవ్వలు చెప్పింది ఇంకోటి: పింఛను కాగితం మీద ఏం రాసుందో చదివి చెప్పేవాళ్లు లేరు, బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ నిజమో మోసమో తెలియట్లేదు. "మాకు చెత్త సంగతి తెలుసు నాయనా, ఈ ఫోను సంగతి చెప్పు" అని ఒక పెద్దావిడ మొహం మీదే చెప్పింది. మా ప్రోగ్రాం ఆఫీసర్ మంచి మేడం, ర్యాలీని ఒక్క పూటకి కుదించి, మిగతా సాయంత్రాలు గుడి మండపంలో కూర్చుని కాగితాలు చదవడానికి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అర్థమయ్యేలా చూపించడానికి ఇచ్చారు. ముందు అడగాలి, తర్వాత చెయ్యాలి అని ఓరియెంటేషన్‌లో స్లైడ్ మీద చూస్తే ఏమీ అనిపించదు, ఆ మండపంలో క్యూ చూస్తే అర్థమవుతుంది.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో చదువుతూ ఆల్ఫా ఫై ఒమేగాలో చేరాడు. 1925లో పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీలో స్కౌటింగ్ ఆదర్శాల మీద పెట్టిన విద్యార్థి సేవా సంఘం అది. నాయకత్వం, స్నేహం, సేవ అని మూడు సూత్రాలు, పూర్తి సభ్యత్వం ఇచ్చే ముందు కొన్ని వారాల పాటు కొత్తవాళ్లకి శిక్షణ. ఆ వారాల్లో సంఘం చరిత్ర చదవడం, పాత సభ్యులందరినీ కలిసి పరిచయం చేసుకోవడం, సేవ గంటలు పూర్తి చెయ్యడం ఉంటాయట. అన్నయ్య బ్యాచ్ కొత్తవాళ్లే సొంతంగా ఒక సేవా కార్యక్రమం అనుకుని, డబ్బు లెక్కతో సహా మొత్తం నడిపారు. సీనియర్లు పక్కనుంటారు తప్ప చెయ్యి పెట్టరు. నాకు ఇది చాలా నచ్చింది. మన దగ్గర ఫస్టియర్ వాళ్లు ఏడాదంతా చెప్పింది చేస్తారు, రెండో ఏడాదిలో హఠాత్తుగా అన్నీ నడపమంటారు. మొదటి ఏడాదే చిన్న పనొకటి, ఒక్క సాయంత్రం ట్యూషన్ అయినా సరే, పూర్తిగా వాళ్ల చేతికిస్తే ఎంతో తేడా వస్తుంది.

తగ్గించిన మార్కు ఇందుకే, ఇంకో రెండు కారణాలు కూడా ఉన్నాయి. మా కాలేజీలో గంటలు రిజిస్టర్‌లో ఎక్కించడం చాలా ఆలస్యం, ఎండలో పొద్దంతా పనిచేసినవాళ్ల గంటలు కనబడకపోతే ఎంత కోపమొస్తుందో చెప్పక్కర్లేదు. మీ సొంత నోట్‌బుక్‌లో తేదీ, పని, ఎన్ని గంటలు రాసుకుని అప్పటికప్పుడే సంతకం పెట్టించుకోండి. రెండోది, కాలేజీ ఫంక్షన్లలో కుర్చీలు వెయ్యడానికి, అతిథులకి బొకేలు అందించడానికి వాలంటీర్లని వాడుకోవడం. అది సేవ కాదు, ఆ గంటలు సేవ లెక్కలో వెయ్యకూడదు. ఈ మాట మేము మీటింగ్‌లో అడిగాం, కొంచెం మారింది, ఇంకా మారాలి.

తమిళం రాదని మాత్రం ఆగిపోకండి. యూనిట్‌లో అన్నలు, అక్కలు ఓపిగ్గా నేర్పుతారు, ఒక సెమిస్టర్‌లో ఆటో బేరం దాటి మాట్లాడగలుగుతారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చేరేటప్పుడు ఫారంలో మీకు వచ్చిన భాషలన్నీ రాయండి, స్క్రైబ్‌గా వస్తానని విడిగా చెప్పండి, ల్యాబ్ ఏ రోజు ఉందో చూసుకుని మరీ శనివారాలు ఒప్పుకోండి. మా కాలేజీలో ఫారాలు ఆగస్టులో ఇస్తారు, సీట్లు తొందరగా నిండిపోతాయి.