పాత కారుకు బ్లూటూత్ కాలింగ్: స్పీకరు కాదు, మైకు చూసి కొనండి

పాటలు బాగా వినిపిస్తే పరికరం మంచిదే అనుకుంటారు చాలామంది. కాల్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. అవతలి గొంతు మనకు స్పష్టంగానే వినిపిస్తుంది. అవతలివాళ్లే "ఏంటీ, మళ్లీ చెప్పు" అంటుంటారు. మైకు నోటికి ఎంత దూరంలో ఉంది, ఏ వైపు తిరిగి ఉంది, ఏసీ గాలి దానికి తగులుతోందా అన్నదాన్ని బట్టే కాల్ బాగుండటమో పాడవటమో ఉంటుంది. పాత కారులో ఇంజిన్ హోరు, టైర్ల మోత ఎక్కువ కాబట్టి ఈ తేడా ఇంకా పెద్దది. మార్కెట్లో దొరికే నాలుగు రకాలనూ ఆ కొలతతోనే చూద్దాం.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే ఫోన్ శబ్దాన్ని కారు రేడియోకు పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా బలహీనం. దాని మైకు గేరు రాడ్డు పక్కన, మోకాలి ఎత్తులో ఉంటుంది. మాట అక్కడికి చేరేలోపే హోరు కలిసిపోతుంది. పైగా 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతకాలి. ఊరు దాటగానే అదే చోట ఇంకో స్టేషన్ వచ్చి పడుతుంది. తాళం తీసినా సాకెట్‌కు కరెంటు వచ్చే కార్లలో దాన్ని అలాగే వదిలేస్తే బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. అప్పుడప్పుడూ ఒక నిమిషం మాట్లాడేవాళ్లకు తప్ప దీన్ని సిఫారసు చేయలేం.

సన్ వైజర్‌కు క్లిప్‌తో తగిలించే స్పీకర్‌ఫోన్‌ను చాలామంది తక్కువగా చూస్తారు కానీ, మైకు చోటు విషయంలో ఇదే నయం. నోటికి దాదాపు ఎదురుగా ఉంటుంది, ఒక్క వైరూ కలపక్కర్లేదు. లోపమల్లా స్పీకరు చిన్నది కావడం. హైవే మీద అద్దం కొంచెం దించితే చాలు, వినపడదు. ఎండలో నిలిపిన కారులో అద్దం దగ్గరి వేడికి లోపలి లిథియం బ్యాటరీ త్వరగా చెడుతుంది కాబట్టి దిగేటప్పుడు తీసి గ్లవ్ బాక్సులో పెట్టండి.

స్టీరియోకు ఆక్స్ (బయటి పరికరాన్ని వైరుతో కలిపే గుండ్రటి రంధ్రం) ఉంటే 3.5 మిల్లీమీటర్ల బ్లూటూత్ రిసీవర్ చాలు. కొనేముందు డబ్బా మీద హెచ్ఎఫ్‌పీ (HFP, బ్లూటూత్‌లో కాల్స్ కోసం ఉన్న పద్ధతి) అని ఉందో లేదో చూడండి. పాటల కోసం ఉన్న ఏ2డీపీ (A2DP) ఒక్కటే ఉంటే పాటలు వస్తాయి, కాల్స్ రావు. వైరుతో విడిగా మైకు వచ్చే రకమే తీసుకోండి. ఛార్జర్‌కు పెట్టినప్పుడు యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కూత వినిపిస్తే, రిసీవర్‌ను ఒకసారి పవర్ బ్యాంకుకు పెట్టి చూడండి. కూత పోయిందంటే అది గ్రౌండ్ లూప్, అంటే ఛార్జరూ స్టీరియో వేర్వేరు దారుల్లో ఎర్త్ కావడం వల్ల వచ్చే శబ్దం. ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెడితే పోతుంది. అన్నట్టు, డబ్బా మీది "బ్లూటూత్ 5.0" అనే అంకె కాల్ నాణ్యత గురించి ఏమీ చెప్పదు. చూడాల్సింది హెచ్ఎఫ్‌పీ 1.6 లేదా ఆపై వెర్షన్. గొంతును 8కి బదులు 16 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌తో, అంటే సెకనుకు రెట్టింపు సార్లు కొలిచి, పంపే సౌకర్యం అందులోనే వచ్చింది. ఫోనూ నెట్‌వర్కూ కూడా సహకరిస్తే తేడా చెవికి తెలుస్తుంది.

కారును ఇంకా కొన్నేళ్లు వాడేట్టయితే మాత్రం స్టీరియోనే మార్చండి. కార్ స్టీరియోలు డిన్ అనే ప్రామాణిక సైజుల్లో వస్తాయి: సింగిల్ డిన్ అయితే ముఖం సుమారు 180 × 50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ అయితే 180 × 100. వెనక మైకు సాకెట్ లేని, ముఖం మీదే సూది రంధ్రమంత మైకున్న మోడల్ ఎంత మెరిసినా వద్దు.

వైరింగ్‌లో ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి. కొత్త స్టీరియో వైపు పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది నెగటివ్. కారు వైపు వైర్ల రంగులు కంపెనీ ఇష్టం. రంగుకు రంగు కలపకండి, మీ మోడల్‌కు తగిన కప్లర్ (కారు వైర్లను కొత్త స్టీరియో వైర్లకు కలిపే ప్లగ్) కొనండి. తాళం తీసిన ప్రతిసారీ సెట్టింగులు, జతచేసిన ఫోన్లు చెరిగిపోతుంటే పసుపు, ఎరుపు తారుమారయ్యాయని అర్థం. ఈ రెండిటికీ మధ్యలో విప్పి కలిపే బుల్లెట్ కనెక్టర్లు చాలా కప్లర్లలో ఉండేది అందుకే. మల్టీమీటర్‌తో చూసుకుని ఒకదాని చోట ఇంకొకటి కలిపితే సరి. స్పీకరు నెగటివ్‌ను మాత్రం బాడీకి ఎర్త్ చేయవద్దు, యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. బాగా పాత కార్లలో స్పీకర్లన్నిటికీ ఒకే ఎర్త్ ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కో స్పీకరుకూ కొత్త వైర్ల జత లాగక తప్పదు.

ఇక మైకు. స్టీరింగ్ కాలమ్ కవరు మీద గానీ, లోపలి అద్దానికి డ్రైవరు వైపు పైన గానీ, నోటికి 30 నుంచి 50 సెంటీమీటర్లలో పెట్టండి. డ్యాష్‌బోర్డు మీద ఏసీ రంధ్రం ముందు పెడితే అవతలివాళ్లకు గాలివాన వినిపిస్తుంది. కాలమ్ మీదైతే స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి, పైకీ కిందికీ వంచి, వైరు ఎక్కడా నలగడం లేదని చూడండి. పక్క పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే అక్కడ తెరవకండి, దాని మీదుగా వైరు తీసుకెళ్లకండి.

పరీక్షకు ఫోన్‌లోని రికార్డర్ పనికిరాదు, అది తరచూ ఫోన్ సొంత మైకునే వాడుతుంది. నిజంగా కాల్ చేయాలి. బండి నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ ఫ్యాన్ రెండో స్పీడులో పెట్టి అవతలివాళ్లను అడగండి. వాళ్ల మాట వాళ్లకే తిరిగి వినిపిస్తోందంటే మీ స్పీకర్ల శబ్దం మైకులోకి వెళ్తున్నట్టు. కాల్ వాల్యూమ్ తగ్గించండి. అప్పటికీ పోకపోతే సెట్టింగుల్లో మైక్ గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి పంపాలన్న అమరిక) ఒక మెట్టు దించండి. బాత్రూమ్‌లో మాట్లాడినట్టుందంటే మైకు దూరమైంది, దగ్గరికి జరపండి. గెయిన్ పెంచితే హోరు కూడా పెరుగుతుంది. ఈ జరపడాలన్నీ అయ్యాకే మైకు వెనక స్టికర్ ఒలిచి అంటించండి. ఒకసారి ఊడదీస్తే దాని జిగురు మళ్లీ సరిగా పట్టదు.