అప్పటికప్పుడు పెట్టే సెలవా, ముందే అనుకున్న సెలవా: అలసటకు ఏది మేలు?

పొద్దున లేచేసరికి జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా ఈ రోజు పని చేయడం నా వల్ల కాదు అనిపిస్తుంది. అప్పుడు మూడు దారులుంటాయి: అప్పటికప్పుడు లీవ్ చెప్పడం, వచ్చే నెల పెట్టుకున్న సెలవుల దాకా ఓపిక పట్టడం, లేదా ఎలాగోలా వెళ్లి కూర్చోవడం. చాలామంది మూడోదే ఎంచుకుంటారు. నా దృష్టిలో ఎక్కువ నష్టం దానితోనే, అందుకే ముందు దాని సంగతి.

నిద్ర చాలని మనిషి పైకి పని చేస్తున్నట్టే కనిపిస్తాడు. కానీ ఒకే మెయిల్‌ని మళ్లీ మళ్లీ చదువుతాడు, చిన్న మాటకే ఎదుటివాళ్ల మీద విసుక్కుంటాడు, ఇవాళ చేసిన తప్పుల్ని రేపు కూర్చుని దిద్దుకుంటాడు. ఏకబిగిన 17 గంటలు మెలకువగా ఉంటే చురుకుదనం ఎంత తగ్గుతుందో 1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పుడు తగ్గినంత! బండి నడిపేవాళ్లు, యంత్రాల దగ్గర ఉండేవాళ్లు, రోగులకు మందులిచ్చేవాళ్లు అలాంటి స్థితిలో డ్యూటీకి వెళ్తే ప్రమాదం వాళ్లొక్కరికే కాదు. ‘ఇంట్లోంచే చేస్తాను’ అని మంచం మీద ల్యాప్‌టాప్ తెరవడం కూడా ఈ కోవలోదే. సాయంత్రానికి పని అయినట్టూ ఉండదు, విశ్రాంతి దొరికినట్టూ ఉండదు.

ముందే అనుకున్న సెలవుకు మంచి గుణాలు చాలానే ఉన్నాయి. పని ఎవరికో అప్పజెప్పి వెళ్తాం, కాబట్టి ఫోన్ మోగదు. పైగా ఎదురుచూడటంలోనే సగం ఆనందం ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 1,500 మందికి పైగా పెద్దవాళ్లను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవు ప్రయాణం పెట్టుకున్నవాళ్లు వెళ్లకముందే మిగతావాళ్లకంటే సంతోషంగా ఉన్నట్టు తేలింది. తిరిగొచ్చాక మాత్రం వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ పెద్ద తేడా లేదు. చాలా ప్రశాంతంగా గడిచిందని చెప్పినవాళ్లలోనే ఆ సంతోషం ఇంకొంత కాలం నిలిచింది. అంటే ఎన్ని రోజులన్నదానికంటే ఎలా గడిచాయన్నదే ముఖ్యం. ఇక్కడే ముందస్తు సెలవు దెబ్బతింటుంది. తేదీ ఖరారైన వెంటనే ఆ రోజుల్లోకి బ్యాంకు పని, ఇంటి రిపేరు, చుట్టాల రాకపోకలు వచ్చి చేరతాయి.

అప్పటికప్పుడు పెట్టిన సెలవు మీద ఎవరి కన్నూ పడదు. దాని అసలు బలం అదే. పని అలసట నుంచి మనిషి ఎలా తేరుకుంటాడో పరిశోధించిన సబీనే సొన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో నాలుగు అనుభవాలను చెప్పారు: పని గురించిన ఆలోచన వదిలేయడం, సేదతీరడం, ఆసక్తి ఉన్నదేదో నేర్చుకోవడం, సమయం మన చేతిలో ఉండటం. నాలుగోది ఇలాంటి రోజున దొరికినంతగా ఇంకెప్పుడూ దొరకదు. పదింటిదాకా పడుకోవచ్చు, కాసేపు నడవచ్చు, ఏమీ చేయకుండానూ ఉండొచ్చు.

చిక్కు ఆ నాలుగింట్లో మొదటిదాని దగ్గరే, అంటే పని ఆలోచన వదిలేయడం దగ్గరే వస్తుంది. సెలవు పెట్టిన టెన్షన్‌తో గంటగంటకూ ఆఫీసు గ్రూపు చూస్తుంటే ఆ రోజు వృథా. లేని జ్వరం గురించి అబద్ధం చెప్తే రోజంతా దాక్కోవాలి, మర్నాడు దాన్ని నిలబెట్టడానికి ఇంకో రెండు చెప్పాలి. ‘ఈ రోజు ఆరోగ్యం బాగాలేదు, రాలేను’ అంటే చాలు, అది నిజమే. ఆ రోజు తప్పక జరగాల్సిన పని ఏదో, దాని వివరాలు ఎక్కడున్నాయో అదే మెసేజ్‌లో రాస్తే మన భారం మోసే తోటివాళ్లకు ఎంతో తేలిక. ముఖ్యంగా బడుల్లో, ఆసుపత్రుల్లో మనం రాకపోతే ఆ స్థానంలో ఇంకొకరు నిలబడాల్సిందే.

నా ఓటు దేనికంటే, రాత్రంతా నిద్ర పట్టకపోయినా, మనసుకు గట్టి దెబ్బ తగిలినా, వారాల తరబడి గడువుల వెంట పరుగెత్తి అప్పుడే ఆగినా అప్పటికప్పటి సెలవే మేలు. అందుకోసం ఏడాది సెలవుల్లో కొన్నింటిని దేనికీ కేటాయించకుండా అట్టే పెట్టుకోవాలి. ఒక మీటింగ్‌కో ఒక మనిషికో భయపడి మానేయాలనిపిస్తే మాత్రం వెళ్లడమే మంచిది. తప్పించుకుంటే రేపటికి ఆ భయం ఇంకా పెరుగుతుంది.

ప్రతి వారం ఇలాగే అనిపిస్తుంటే ఏ సెలవూ చాలదు. బర్నౌట్‌ను, అంటే పనితో మనిషి పూర్తిగా అలసి నీరసించిపోయే స్థితిని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో వివరించినప్పుడు, దాన్ని అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగానే చెప్పింది. ఒక్క రోజు ఆగితే పని తగ్గదు కదా! అప్పుడు మాట్లాడాల్సింది పనిభారం గురించి, షిఫ్టుల గురించి. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉండి, నిద్రా ఆకలీ దెబ్బతింటే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

రోజు కూలీ మీద బతికేవాళ్లకు ఈ ఎంపికే లేదు. మానేస్తే ఆ రోజు డబ్బు రాదు. ఏడు రోజుల్లో కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని పరిశ్రమల కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం చేసింది. నూరేళ్లు దాటినా అది అందని చేతులు ఎన్నో ఉన్నాయి. ఒకరి చేత పని చేయించుకునే స్థానంలో మీరుంటే, ‘ఇవాళ రాలేను’ అన్న మాటకు కారణం గుచ్చి గుచ్చి అడక్కండి, ఆ రోజు డబ్బు కోయకండి.