ఆడియో బైబిలు డబ్బా: డయాలసిస్ మంచం మీద వినడానికి ఎలా ఉంది

బైబిలు చదివి వినిపించే ఈ డబ్బాని పాలకొల్లులో ఒక క్రైస్తవ పుస్తకాల కొట్టులో అమ్మ కోసం కొన్నాను, 1,250 రూపాయలు. అమ్మకి వారానికి మూడుసార్లు భీమవరంలో డయాలసిస్. ఫిస్టులా చెయ్యి, అంటే సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి ఉంచిన చెయ్యి, నాలుగు గంటలు కదపకూడదు, ఒంటి చేత్తో అంత లావు బైబిలు పట్టుకుని పేజీలు తిప్పడం అయ్యే పని కాదు, ఫోన్‌లో పెడితే మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేస్తూనే ఉంటారు.

ముందు వస్తువు సంగతి. అరచేతిలో పడుతుంది. వెనక సోలార్ పలక ఉంది కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు, వానాకాలంలో మన వైపు అది ఉత్త అలంకారం. సౌండ్ బాగుంది. ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆపితే ఎక్కడ ఆపామో దానికి గుర్తుండదు, మళ్లీ ఆదికాండం నుంచే మొదలు. అమ్మ వినేది యోబు గ్రంథం, ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం అన్నీ పోయిన మనిషి కథ. అది బైబిల్లో 18వ పుస్తకం, అంటే బటన్ 17 సార్లు నొక్కాలి, ఒక నొక్కు ఎక్కువైతే కీర్తనల్లో తేలతాం. ఇంకో గోల, వెనకాల వయొలిన్. యోబు తను పుట్టిన రోజుని శపించుకుంటుంటే సీరియల్లో ఏడుపు సీనులా ఉంటుంది.

చదివినాయన మాత్రం తొందరపడడు, 42 అధ్యాయాలూ ఒక్క ముక్క వదల్లేదు. మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు 1830లలో నర్సాపురం వచ్చినప్పట్నుంచీ మా పక్క బైబిలుకి కొదవ లేదు, అయినా చర్చిలో వినే యోబు అంటే మొదటి రెండు అధ్యాయాలు, చివర్న రెండింతల ఆస్తి, అంతే. మధ్యలో ఆయన దేవుణ్ణి నిలదీసిందంతా ఎవరు చదువుతారు? యోబుని ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచి నీదే ఏదో పాపం అన్నాకే చెడింది. చివర్న దేవుడి కోపం వాళ్ల మీదే. అమ్మకి జబ్బు వచ్చిన కొత్తలో పరామర్శకి వచ్చినవాళ్లలో ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీఫజు లాంటివాళ్లకి లెక్కలేదు, అందుకే అక్కడిదాకా విని "చూశావా, వాళ్లది తప్పని ఆయనే అన్నాడు" అంది.

మెమరీ కార్డులో ఉచితంగా వేసిచ్చిన ప్రసంగాలకి మాత్రం సున్నా. విశ్వాసం ఉంటే జబ్బే ఉండదని ఒకాయన ఒకటే అరుపులు. ఒంట్లో ముల్లులా గుచ్చే బాధని తీసేయమని అపొస్తలుడు పౌలు దేవుణ్ణి మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" కదా, ముల్లు పోలేదు, పౌలుకీ విశ్వాసం తక్కువేనా? ఆ ప్రసంగాలు తీసేయమంటే కొట్టు అబ్బాయి మారు మాటాడకుండా తీసేశాడు, సర్వీసుకి మంచి మార్కులే.

అమ్మకి సూది కంటే దాహం కష్టం. చుట్టూ కాలవలు, కానీ డయాలసిస్ వాళ్లు నీళ్లు తక్కువే తాగాలి కాబట్టి తను మాత్రం గ్లాసుతో కొలుచుకుని తాగాలి. సిలువ మీద యేసు "దప్పిగొనుచున్నాను" అన్న చోట డబ్బా ఆపేసి "ఆయనకీ తెలుసే" అంది. జబ్బు తగ్గలేదు, దాహమూ తగ్గలేదు. కానీ కొత్త పేషెంట్లు ఆ లావు సూదులు చూసి వణుకుతుంటే ఇప్పుడు పలకరించేది అమ్మే. మనకి దొరికిన ఆదరణ శ్రమలో ఉన్న ఇంకొకరిని ఆదరించడానికే అని కొరింథీ రెండో పత్రిక మొదట్లో ఉంది, అది తనకి అప్పజెప్పిన పనే అనుకుంది. బోధ చెయ్యదు. ఏం తినకూడదో, ఐసు ముక్క చప్పరిస్తే గొంతు ఎలా తడుస్తుందో చెబుతుంది, అడిగినవాళ్లకే ఇయర్‌ఫోన్ ఇస్తుంది. పక్క మంచం ఆవిడ సాయిబాబా భక్తురాలు, ఆవిడ 88వ కీర్తన మళ్లీ మళ్లీ పెట్టమంటుంది, ఓదార్పు మాట లేకుండా చీకట్లోనే ముగిసే కీర్తన అది.

కొనేవాళ్లు ప్రసంగాలు కొట్టులోనే తీయించుకోండి, వయొలిన్ లేని రికార్డింగ్ ఉందేమో అడగండి. ఇయర్‌ఫోన్ విడిగా కొనాలి. చార్జర్ ఇవ్వరు, పాత ఫోన్‌ది సరిపోతుంది.