మొక్కలకు నాలుగు స్టార్లు, వాటితో వచ్చిన గాజు బౌల్‌కు ఒక్కటి కూడా ఇవ్వలేను

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సక్యులెంట్ కిట్ గురించి ఏడాది గడిచాక రాస్తున్నాను. పెట్టె వచ్చిన రోజే రాసి ఉంటే ఐదుకి ఐదు ఇచ్చేసేదాన్ని, ఆ రోజు అన్నీ అంత బాగున్నాయి మరి. కానీ ఈ ఎడారి మొక్కల సంగతి మొదటి నెలలో తేలదు. ఆకుల్లో దాచుకున్న నీళ్లతోనే చాలా రోజులు నిగనిగలాడుతూ ఉంటాయి, పైన తేడా కనిపించేసరికి కింద వేర్లు ఎప్పుడో కుళ్లిపోయి ఉంటాయి.

పెట్టెలో రెండు ఎచెవేరియాలు, ఒక హవోర్తియా, అచ్చం గులకరాళ్లలా ఉండే రెండు లితోప్స్, ఒక గాజు బౌల్, కాక్టస్ మట్టి అని రాసిన ప్యాకెట్, రంగు రాళ్లు, స్ప్రే బాటిల్, ఎలా పెంచాలో చెప్పే కార్డు ఉన్నాయి. మొక్కలు మాత్రం నిజంగా మంచివి. ఒక్కోదాన్ని విడిగా మెత్తటి కాగితంలో చుట్టి పంపారు. ఎచెవేరియా ఆకుల మీద ఉండే తెల్లటి పొడి కూడా చెరగలేదు. అది దుమ్ము కాదు, ఆకును ఎండ నుంచి కాపాడే మైనం, వేలు తగిలి చెరిగిపోతే ఆ ఆకు మీద మళ్లీ రాదు, కాబట్టి దయచేసి తుడవకండి. హవోర్తియా ఆకుల మొదళ్లలో పిండినల్లి ఉందేమోనని వెతికాను (దాక్కునేది అక్కడే), ఏమీ లేదు.

నా కోపమంతా మిగతా సామాను మీదే.

బౌల్‌కు అడుగున చిల్లు లేదు. కింద రాళ్లు పరిస్తే నీళ్లు అందులోకి దిగిపోతాయని కార్డులో రాశారు. అలా జరగదు. మెత్తటి మట్టి నీటిని పట్టి ఉంచుకుంటుంది, పూర్తిగా నిండితే తప్ప కింద రాళ్లలోకి వదలదు, అంటే ఆ తడి పొర రాళ్లకు పైన, సరిగ్గా వేర్ల దగ్గర నిలుస్తుంది. పైగా ఈ మొక్కలు నీళ్లు వాడుకునేదే తక్కువ, పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. మొక్క తాగదు, బౌల్ వదలదు, ఇంక ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?

మట్టి సంగతి చూద్దామని ఒక గుప్పెడు తడిపి గట్టిగా పిండాను. వేళ్ల ముద్రలతో సహా లడ్డూలా నిలబడింది. దాదాపు అంతా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), అక్కడక్కడా పెర్లైట్ అనే తేలికైన తెల్లటి రాతి పలుకులు, అంతే. సక్యులెంట్లకు వాడే మట్టి అలా పిండి వదిలితే పొలపొలా రాలిపోవాలి. నేను ఇప్పుడు ఆ ప్యాకెట్‌లోదే ఒక వంతు తీసుకుని, పెర్లైటూ దుమ్ము జల్లించిన సన్న కంకరా కలిపి రెండు వంతులు వేస్తున్నాను. సన్న ఇసుక మాత్రం వద్దు, సందులన్నీ పూడ్చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఆ కార్డు. మొక్కలన్నిటికీ వారానికోసారి స్ప్రే చేయమంది. స్ప్రే చేస్తే పైపొర తడుస్తుంది, పువ్వులా ఉన్న ఎచెవేరియా ఆకుల మధ్య నీళ్లు నిలుస్తాయి, వేర్లకు అందేది ఏమీ ఉండదు. కుండీ అడుగు చిల్లులోంచి కారేదాకా నిండుగా పోయాలి, మళ్లీ లోపలిదాకా ఎండేవరకు ముట్టుకోకూడదు. పుల్ల గుచ్చి తీస్తే పొడిగా రావాలి.

లితోప్స్‌కు ఆ పద్ధతి కూడా సరిపోదు, దాని లెక్కే వేరు. దానికి ఉండేది ఒక్క జత ఆకులు. శీతాకాలంలో ఆ జత లోపలే కొత్త జత తయారవుతుంది, వసంతానికి మధ్య చీలికలోంచి పైకి వస్తూ పాత ఆకుల్లోని నీటిని తనే పీల్చుకుంటుంది. ఆ సమయంలో మనం నీళ్లు పోస్తే పాత ఆకులు ఎండవు, మొక్క పగులుతుంది. నాకు అదే జరిగింది. కార్డును నమ్మి స్ప్రే చేస్తూ పోయాను, ఒకటి పక్కకు పగిలి, రెండు రోజుల్లో జెల్లీలా పారదర్శకంగా అయిపోయింది. చాలా బాధ అనిపించింది. రెండోదాన్ని ఆ రోజే తీసి, దాని వేరు లోతుగా దిగేది కాబట్టి పొడవైన చిన్న మట్టికుండీలో పెట్టాను. వారాల తరబడి చుక్క నీరు పోయలేదు. పాత ఆకులు ముడతలు పడి, చివరికి ఉల్లిపొర అంత పలచనయ్యాయి, వాటి మధ్యలోంచి కొత్త జత బయటపడింది. దగ్గరగా చూస్తే పైభాగంలో ముదురు గీతల మధ్య గాజు పలకల్లాంటి మచ్చలుంటాయి, వెలుతురు వాటిగుండానే లోపలికి దిగుతుంది. 1811లో విలియం బర్చెల్ దక్షిణాఫ్రికాలో దీన్ని వింత రాయనుకుని నేల మీంచి తీశాకే మొక్కని తెలిసిందట. ఇలాంటిదాన్ని రంగు రాళ్ల మధ్య కప్పెట్టి అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు.

వెలుతురు గురించి కార్డులో 'ఇంట్లో ఎక్కడైనా' అని ఉంది. షెల్ఫ్‌లో పెట్టిన ఎచెవేరియా ఒకటి వెలుతురు కోసం మెడ చాచి సాగిపోయింది. సాగిన కాండం మళ్లీ పొట్టిగా అవదు, తల కోసి, కోసినచోటు కొన్ని రోజులు ఆరనిచ్చి, తిరిగి నాటాను, బతికింది. మీరు కిటికీ దగ్గరికి మార్చినా ఒక్కసారిగా నేరుగా ఎండలో పెట్టకండి, ఆకులు కాలి గోధుమ రంగు మచ్చలు పడతాయి, అవి పోవు. హవోర్తియా మాత్రం కాస్త తక్కువ వెలుతురుకీ సర్దుకుపోతుంది.

ఫిర్యాదు చేస్తే మర్యాదగానే మాట్లాడారు, చచ్చిపోయిన లితోప్స్‌కు బదులు ఇంకోటి పంపారు. దాంతో పాటు మళ్లీ అదే కార్డు వచ్చింది.

మొక్కలు విడిగా కూడా అమ్ముతున్నారు, అవి నిశ్చింతగా కొనుక్కోవచ్చు. కిట్ ఇప్పటికే కొనేసి ఉంటే బౌల్ పక్కన పెట్టి, ఒక్కో మొక్కనీ చిల్లున్న చిన్న మట్టికుండీలోకి మార్చండి, నాటాక ఓ వారం నీళ్లు పోయకండి, విరిగిన వేర్లు మానతాయి. లితోప్స్‌ను మాత్రం మిగతావాటితో కలిపి నాటకండి.