కారులో నెట్ అందక రెండు రోజులు పడ్డ పాట్లు

మొన్న కారులో రెండు రోజుల ట్రిప్పు, డ్రైవింగ్ మా తమ్ముడు, నేను వెనక సీట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు పని, పక్కన పిల్లల వీడియోలు, ముందేమో మ్యాప్, ఇవన్నీ నా ఒక్క ఫోన్ హాట్‌స్పాట్ మీదే. ఎలా నడుస్తుందనుకున్నానో ఏమో!

ఊరు దాటేదాకా బాగానే ఉంది. హైవే ఎక్కి 100లో పోతుంటే మీటింగ్ ముక్కలు ముక్కలైపోతోంది, "కొంచెం స్లో చెయ్యరా, నెట్ అందట్లేదు" అంటే వాడు నవ్వాడు. వాడిదే కరెక్టు, 4జీ తయారు చేసినప్పుడే గంటకు 350 కిలోమీటర్ల రైళ్ళని కూడా లెక్కలోకి తీసుకున్నారు, మన 100 దానికి ఓ లెక్కే కాదు. ఒక టవర్ వదిలి ఇంకోదాన్ని పట్టుకోడం కూడా చిటికెలో అయిపోతుంది, కాకపోతే పట్టుకోడానికి ముందర టవరంటూ ఉండాలి కదా. ఉన్నా జనం ఎక్కువైతే అంతే, టోల్ గేట్ క్యూలో సిగ్నల్ గీతలు ఫుల్లు, పేజీ మాత్రం ఓపెన్ అవ్వదు.

5జీ ఇంకో తలనొప్పి. అది ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్లు (బ్యాండంటే సిగ్నల్ పోయే రేడియో తరంగాల వరస) 700, 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్లంత దూరం పోవు, అందుకని ఊళ్ళ మధ్యలో ఫోన్ 5జీకి 4జీకి అటూ ఇటూ దూకుతూనే ఉంది, బ్యాటరీ కరిగిపోతోంది. సెట్టింగ్స్‌లో 4జీకి ఫిక్స్ చేశాక కుదుటపడింది. ఫోన్‌ని కూడా సీట్ల మధ్య గుంటలోంచి తీసి అద్దం పక్కన పెట్టాను, చుట్టూ రేకేగా, సిగ్నల్ వచ్చేది ఎక్కువగా అద్దాల్లోంచే. కొన్ని కార్లకి ఎండ ఆపే మెటల్ పూత అద్దాలుంటాయి, వాటికి ఈ చిట్కా అంతగా పనిచెయ్యదు. ముందు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, ఎండకి వేడెక్కి ఫోనే స్లో అయిపోతుంది.

అన్నిటికన్నా పనికొచ్చింది వేరే కంపెనీ రెండో సిమ్. ఘాట్ రోడ్డులో మొదటిది పూర్తిగా చచ్చిపోతే ఇదే ఆదుకుంది, దిగాక మళ్ళీ సీన్ రివర్స్. సిగ్నల్ బూస్టర్లూ గట్రా కొందామనుకున్నాను గానీ ఇక ఆ ఊసే ఎత్తలేదు.

అదే ఘాట్‌లో మ్యాప్ తెల్లగా అయిపోయింది, నీలం చుక్క మాత్రం చక్కగా కదులుతోంది, జీపీఎస్ శాటిలైట్ నుంచి వస్తుంది కాబట్టి దానికి నెట్‌తో పన్లేదు, బొమ్మకే నెట్ కావాలి. ఆ రాత్రి దిగిన హోటల్లో వైఫై ఉందన్నారు, ఉంది, రిసెప్షన్‌లో! మూడో అంతస్తు రూముకి చుక్క కూడా రాదు. రూము శుభ్రంగా ఉంది, స్టాఫ్ మంచోళ్ళు, పని ఉన్నవాళ్ళు మాత్రం కింది ఫ్లోర్ అడగండి. నేను మెట్ల మీద గంటసేపు కూర్చుని మ్యాపులు, పిల్లల వీడియోలు డౌన్‌లోడ్ చేసుకున్నా.

రెండో రోజు హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ ఒక్కటే. మీటింగ్ టైముకి సిగ్నల్ బాగున్న పెట్రోల్ బంకు చూసుకుని కారు పక్కకి ఆపించా, వీడియో ఆపేసి మాట మాత్రమే, 40 నిమిషాలు ఒక్కసారి కూడా కట్ అవ్వలేదు.